ఎక్విప్‌మెంట్‌కి డక్ట్ కలవడం లేదా? రెవిట్ డక్ట్ కనెక్టర్ల సమస్యలపై తరచుగా అడిగే ప్రశ్నలు

రెవిట్ అనే భవన మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏహెచ్‌యూ (గాలిని శుద్ధిచేసి పంపే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్), వీఏవీ బాక్స్ (గదికి వెళ్లే గాలి పరిమాణాన్ని మార్చే పెట్టె), ఫ్యాన్, డిఫ్యూజర్ (గదిలోకి గాలి వదిలే నోరు) వంటి ఎక్విప్‌మెంట్ ఫ్యామిలీలకు (మళ్లీ మళ్లీ వాడుకునే వస్తువు ఫైళ్లకు) డక్ట్, అంటే గాలి గొట్టం, కలిపేటప్పుడు వచ్చే ఇబ్బందులే ఇక్కడి విషయం. ప్రాజెక్టులో కనిపించే తప్పు చాలాసార్లు ప్రాజెక్టులో జరిగింది కాదు, ఫ్యామిలీలోని కనెక్టర్‌లో (డక్ట్ తగులుకునే బిందువులో) జరిగింది. గంటసేపు డక్ట్‌ని చెరిపి గీసే ముందు ఫ్యామిలీ తెరిచి కనెక్టర్ ప్రాపర్టీలు ఒకసారి చదవండి. ఆ రెండు నిమిషాలకు విలువ ఉంటుంది.

డక్ట్ యూనిట్‌కి ఆనుకునే ఉంది. నిజంగా కలిసిందో లేదో ఎలా తెలుస్తుంది?

కంటితో తెలియదు. రెవిట్‌లో రెండు ఆకారాలు తగిలినంత మాత్రాన కలిసినట్టు కాదు, రెండు కనెక్టర్లు కలవాలి. పరీక్షలు మూడున్నాయి, తేలికైనదాంతో మొదలుపెట్టండి.

డక్ట్ మీద కర్సర్ ఉంచి ట్యాబ్ కీ ఒకటి రెండుసార్లు నొక్కండి. కలిసి ఉన్న వరుస మొత్తం వెలుగుతుంది. యూనిట్ దగ్గరికి వచ్చి ఆగిపోతే అక్కడ తెగి ఉంది. రెండోది లాగుడు పరీక్ష: యూనిట్‌ని 100 మి.మీ. పక్కకు జరపండి. కలిసి ఉంటే డక్ట్ వెంట వస్తుంది, లేకపోతే యూనిట్ ఒక్కటే కదులుతుంది. చూశాక అన్‌డూ చేయడం మర్చిపోవద్దు. మూడోది ఎనలైజ్ ట్యాబ్‌లోని ‘షో డిస్‌కనెక్ట్స్’. అందులో డక్ట్ ఎంచుకుంటే తెరిచి ఉన్న ప్రతి చివరా హెచ్చరిక గుర్తు పడుతుంది. పెద్ద మోడల్లో ఈ మూడోదే దారి, ఒక్కో యూనిట్‌నీ లాగి చూడలేం కదా.

యూనిట్ సెలెక్ట్ చేస్తే కనెక్టర్ గుర్తే రావడం లేదు. ఎందుకు?

ముందు ఆ యూనిట్ ఏ ఫైల్లో ఉందో చూడండి. లింక్ చేసిన మోడల్‌లోని ఎక్విప్‌మెంట్ కనెక్టర్‌కి మీ ఫైల్లోని డక్ట్ కలవదు. ఇది పొరపాటు కాదు, సాఫ్ట్‌వేర్ పద్ధతే అంత. యూనిట్‌ని మీ ఫైల్లోకి తెచ్చుకోవాలి. మెకానికల్ ఎక్విప్‌మెంట్‌నీ ఎయిర్ టెర్మినల్స్‌నీ (డిఫ్యూజర్లు, గ్రిల్‌లు) కాపీ/మానిటర్ ద్వారా తేవచ్చు.

యూనిట్ మీ ఫైల్లోనే ఉంటే, అది పెద్ద ఫ్యామిలీ లోపల దూర్చిన చిన్న ఫ్యామిలీ అయి ఉండొచ్చు. లోపలి ఫ్యామిలీకి ‘షేర్డ్’ టిక్ లేకపోతే దాని కనెక్టర్లు ప్రాజెక్టులోకి రావు. ‘షేర్డ్’ పెట్టండి, లేదా బయటి ఫ్యామిలీలోనే కొత్త కనెక్టర్ పెట్టండి. రెండో పద్ధతి మేలు. షేర్డ్ చేస్తే ఆ లోపలి భాగం షెడ్యూల్‌లో విడి వస్తువుగా లెక్కకు వస్తుంది, పరిమాణాల పట్టిక తప్పుతుంది.

ఇక మిగిలింది తయారీదారు ఇచ్చిన త్రీడీ ఆకారాన్ని దిగుమతి చేసుకున్న ఫ్యామిలీ. బొమ్మ చక్కగా ఉంటుంది, కనెక్టర్ ఒక్కటీ ఉండదు. దిగుమతి ఆకారం ముఖాల మీద ఆధారపడకుండా డక్ట్ నోటి దగ్గర మీరే ఒక చిన్న ఎక్స్‌ట్రూజన్ (ఆకారాన్ని సాగదీసి చేసే దిమ్మ) గీసి, దాని ముఖం మీద కనెక్టర్ పెట్టండి. 20 నుంచి 50 మి.మీ. పొడవు చాలు.

కనెక్టర్ నుంచి డక్ట్ గీస్తే బయటికి రాకుండా యూనిట్ గుండా లోపలికి పోతోంది.

కనెక్టర్ బాణం తిరగబడింది. ఫ్యామిలీ ఎడిటర్‌లో కనెక్టర్‌ని సెలెక్ట్ చేస్తే ఫ్లిప్ గుర్తు కనిపిస్తుంది. అది నొక్కితే దిశ మారుతుంది. ‘ప్లేస్ ఆన్ వర్క్ ప్లేన్’ (గీయడానికి ఆధారమైన ఊహా తలం మీద పెట్టే) పద్ధతిలో పెట్టిన కనెక్టర్లకే ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే వర్క్ ప్లేన్‌కి బయట, లోపల అనేవి ఉండవు. ‘ప్లేస్ ఆన్ ఫేస్’ అయితే ముఖం బయటి వైపే దిశ అవుతుంది.

ఈ బాణాన్ని గాలి ప్రవాహ దిశతో కలిపి గందరగోళపడవద్దు. ఇది డక్ట్ ఏ వైపుకు మొదలవ్వాలో చెబుతుంది. గాలి లోపలికా బయటికా అనేది ‘ఫ్లో డైరెక్షన్’ అనే వేరే ప్రాపర్టీ. రిటర్న్ నోటి దగ్గర గాలి లోపలికి వస్తున్నా, కనెక్టర్ బాణం మాత్రం బయటికే చూడాలి.

ఫ్లో డైరెక్షన్‌లో ఇన్, ఔట్ ఎప్పుడు ఏది?

ఎప్పుడూ ఆ వస్తువు లోపల నిలబడి చూడండి. గాలి వస్తువులోకి వస్తే ఇన్, వస్తువు నుంచి డక్ట్‌లోకి పోతే ఔట్. ఏహెచ్‌యూ సప్లై నోరు ఔట్, రిటర్న్ నోరు ఇన్. సప్లై డిఫ్యూజర్‌కి డక్ట్ నుంచి గాలి వస్తుంది కాబట్టి ఇన్. రిటర్న్ గ్రిల్ గదిలోని గాలిని డక్ట్‌లోకి పంపుతుంది కాబట్టి ఔట్.

తరచుగా తప్పేది రిటర్న్ గ్రిల్ దగ్గరే. ‘గ్రిల్ గాలిని లాక్కుంటోంది కదా’ అని ఇన్ పెడతారు. డక్ట్ కలుస్తుంది, బొమ్మ బాగుంటుంది, ఫ్లో మాత్రం లెక్కకు రాదు. ‘చెక్ డక్ట్ సిస్టమ్స్’ నడిపితే ప్రవాహ దిశ సరిపోలడం లేదనే హెచ్చరిక వస్తుంది.

సిస్టమ్ క్లాసిఫికేషన్ ఏది ఎంచుకోవాలి?

ఇది కనెక్టర్ ఏ రకం గాలిదో చెప్పే వర్గం. ఎక్విప్‌మెంట్‌కి దాదాపు ఎప్పుడూ సప్లై ఎయిర్, రిటర్న్ ఎయిర్, ఎగ్జాస్ట్ ఎయిర్ ఈ మూడింటిలో ఒకటే. ‘ఫిట్టింగ్’ అనేది ఎల్బో (వంపు), టీ (మూడు దారుల కూడలి), ట్రాన్సిషన్‌ల (సైజు మార్చే ముక్కల) కోసం. ‘గ్లోబల్’ ఏ సిస్టమ్‌లో పెడితే ఆ సిస్టమ్ గుణం తీసుకుంటుంది కాబట్టి డ్యాంపర్ లాంటి వాటికి పనికొస్తుంది.

చిక్కంతా తాజా గాలి దగ్గర. పేరు చూసి ‘అదర్ ఎయిర్’ ఎంచుకోవాలనిపిస్తుంది. వద్దు. సిస్టమ్ లెక్కలకు అది పనికిరాదు. తాజా గాలి ఎటు నుంచి ఎటు పోతోందో ఆలోచించండి: లూవర్ (బయటి గాలి వచ్చే జాలీ) దగ్గర మొదలై ఏహెచ్‌యూలోకి వస్తోంది. టెర్మినల్ నుంచి యూనిట్‌కి రావడం రిటర్న్ సిస్టమ్ పద్ధతే. అందుకే కనెక్టర్‌కి రిటర్న్ ఎయిర్, ఇన్ అని పెట్టి, ప్రాజెక్టులో రిటర్న్ ఎయిర్ సిస్టమ్ టైప్‌ని డూప్లికేట్ చేసి ‘ఫ్రెష్ ఎయిర్’ అని పేరు, వేరే రంగు ఇవ్వండి. కొందరు సప్లైనే డూప్లికేట్ చేస్తారు. అదీ కలుస్తుంది, రంగూ వస్తుంది. అయినా ప్రవాహ దిశతో పొత్తు కుదిరేది రిటర్న్‌తోనే అని మా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా లూవర్, ఏహెచ్‌యూ రెండింటి కనెక్టర్లకూ అదే వర్గం ఉండాలి. ఒకటి సప్లై, ఇంకొకటి రిటర్న్ అయితే ఒకే సిస్టమ్‌లో ఇమడవు.

అన్నీ కలిశాయి. అయినా ఏహెచ్‌యూ దగ్గర ఫ్లో సున్నా చూపిస్తోంది, లేదా తక్కువ చూపిస్తోంది.

ఇది ‘ఫ్లో కాన్ఫిగరేషన్’ ప్రశ్న. అందులో మూడు విలువలుంటాయి. ‘ప్రీసెట్’ అంటే ఈ వస్తువు ఫ్లో ఇంత అని మనమే చెప్పడం. ‘క్యాలిక్యులేటెడ్’ అంటే కింద ఉన్నవాటిని కూడి తెచ్చుకోవడం. ‘సిస్టమ్’ అంటే మొత్తం ఫ్లోలో ఫ్లో ఫ్యాక్టర్ మేరకు వాటా తీసుకోవడం.

మామూలు అమరికలో డిఫ్యూజర్ ప్రీసెట్, ఏహెచ్‌యూ క్యాలిక్యులేటెడ్. నాలుగు డిఫ్యూజర్లకు సెకనుకు 150 లీటర్ల చొప్పున ఇస్తే ఏహెచ్‌యూ సప్లై కనెక్టర్ దగ్గర 600 రావాలి. 450 వస్తే ఒక డిఫ్యూజర్ ఎక్కడో తెగింది. 300 వస్తే, రెండు డిఫ్యూజర్లను మోసే కొమ్మ మొత్తం తెగి ఉండొచ్చు. తగ్గిన అంకె ఎంతో చూస్తే ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోతుంది.

పూర్తి సున్నా వస్తే ఈ వరుసలో చూడండి. డిఫ్యూజర్ కనెక్టర్‌లోని ఫ్లో గడి ఫ్యామిలీ పారామీటర్‌తో జతపడిందా? జతపడకపోతే ప్రాజెక్టులో మీరు 150 రాసినా అది కనెక్టర్‌కి చేరదు. గడి పక్కన ఉన్న చిన్న బటన్ నొక్కి జత చేయాలి. తర్వాత రెండు చివర్లూ క్యాలిక్యులేటెడ్ పెట్టారేమో చూడండి. అప్పుడు ఇద్దరూ ఎదుటివాడు చెబుతాడని ఎదురుచూస్తారు, కూడడానికి అంకె ఉండదు. ఆ తర్వాత సిస్టమ్ టైప్ ప్రాపర్టీల్లో ‘క్యాలిక్యులేషన్స్’ గడి ‘నన్’ అయిందేమో చూడండి. పెద్ద ఫైల్ వేగం కోసం ఎవరో ఆపేసి, మళ్లీ తెరవకపోవడం చాలా మామూలు.

రెండు ఫ్యాన్లు సమాంతరంగా ఒకే డక్ట్‌లోకి ఇస్తుంటే వాటికి ‘సిస్టమ్’ పెట్టి, ఒక్కో దానికి ఫ్లో ఫ్యాక్టర్ 0.5 ఇవ్వండి. 600 లీటర్లకు చెరి 300 వస్తుంది. రెండు ఫ్యాక్టర్లూ కలిపి 1 కావాలి.

వీఏవీ బాక్స్ దాటి ఫ్లో పైకి రావడం లేదు.

ఫ్యామిలీ ఎడిటర్‌లో లోపలి కనెక్టర్‌కీ బయటి కనెక్టర్‌కీ ‘లింక్ కనెక్టర్స్’ చేయలేదు. ఒక కనెక్టర్ సెలెక్ట్ చేసి, రిబ్బన్‌లోని ఆ బటన్ నొక్కి, రెండోదాన్ని చూపించాలి.  లింక్ లేకపోతే బాక్స్ ఒక గోడ: ఇటు ఒక సిస్టమ్, అటు ఒక సిస్టమ్, మధ్యలో సమాచారం దాటదు.

లింక్ చేశాక కూడా సిస్టమ్ బ్రౌజర్‌లో (ఎఫ్9) రెండు సిస్టమ్‌లుగానే కనిపిస్తాయి. కంగారు వద్దు. మెకానికల్ ఎక్విప్‌మెంట్ సిస్టమ్‌ని విడగొడుతుంది. లింక్ చేసేది ఫ్లోని దాటించడం మాత్రమే.

250 మి.మీ. కాలర్‌కి (యూనిట్ గుండ్రటి నోటికి) 500 మి.మీ. డక్ట్ వస్తోంది.

వ్యాసం, వ్యాసార్థం తారుమారు. కనెక్టర్ రేడియస్ అడుగుతోంది, మీరు డయామీటర్ పారామీటర్‌ని దానికి జత చేశారు. ఫ్యామిలీ కేటగిరీ అండ్ పారామీటర్స్ పెట్టెలో ‘రౌండ్ కనెక్టర్ డైమెన్షన్’ అనే వరుస ఉంటుంది. దాన్ని ‘యూజ్ డయామీటర్’ చేసి, కనెక్టర్ గడికి పారామీటర్ మళ్లీ జత చేయండి. సరిగ్గా సగం లేదా సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే కారణం ఇదే, వేరే చోట వెతకనక్కర్లేదు.

600×300 నోరు ఉంటే డక్ట్ 300×600గా నిలువుగా వస్తోంది.

కనెక్టర్ తన వెడల్పు ఏ దిశ అనుకుంటుందో, మీరనుకున్న దిశ అది కాదు. ముఖం మీద పెట్టిన కనెక్టర్‌కి ఆ ముఖం అక్షాలే ఆధారం. విడ్త్ గడికి ఎత్తు పారామీటర్‌నీ, హైట్ గడికి వెడల్పు పారామీటర్‌నీ మార్చి జత చేయండి. చదువుతుంటే తప్పుగా అనిపిస్తుంది, కానీ పనిచేస్తుంది. చతురస్ర నోటితో పరీక్షిస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు, అందుకే పరీక్షకు ఎప్పుడూ రెండు వేర్వేరు కొలతలు వాడండి.

‘నో ఆటో-రూట్ సొల్యూషన్ వాజ్ ఫౌండ్’ (కలిపే దారి దొరకలేదు) అని వస్తోంది. ఏం చేయాలి?

ఈ సందేశానికి రెండే ముఖ్య కారణాలు: కావలసిన ఫిట్టింగ్ లేకపోవడం, లేదా ఫిట్టింగ్ పట్టే చోటు లేకపోవడం.

మొదటిది చూడటం సులువు. డక్ట్ టైప్ ప్రాపర్టీలు తెరిచి ‘రూటింగ్ ప్రిఫరెన్సెస్’లో ఎడిట్ నొక్కండి. ఎల్బో, జంక్షన్, ట్రాన్సిషన్ ఖాళీగా ఉన్నాయా? యూనిట్ నోరు గుండ్రం, డక్ట్ దీర్ఘచతురస్రం అయితే ‘మల్టీ షేప్ ట్రాన్సిషన్ రెక్టాంగులర్ టు రౌండ్’ వరుసలో ఫ్యామిలీ ఉండాలి. ‘నన్’ ఉంటే కలవదు.

చోటు సంగతికి కాస్త లెక్క కావాలి. కనెక్టర్ మధ్యరేఖ 2850 మి.మీ. ఎత్తులో, డక్ట్ మధ్యరేఖ 2700లో ఉన్నాయనుకోండి. తేడా 150. డక్ట్ ఎత్తు 400, ఎల్బో మధ్యరేఖ వ్యాసార్థం కూడా 400. రెండు 90 డిగ్రీల ఎల్బోలతో దిగాలంటే ఒక్కోటి 400 తినేస్తుంది, కనీసం 800 తేడా కావాలి. 45 డిగ్రీలతో దిగినా కనీస తేడా సుమారు 234 మి.మీ. 30 డిగ్రీలతో అయితే సుమారు 107 చాలు. అంటే 150 తేడాకు 30 డిగ్రీల మార్గం పడుతుంది, 45 పట్టదు. సూత్రం ఇది: వ్యాసార్థానికి రెట్టింపు తీసుకుని, సగం కోణం టాన్‌తోనూ పూర్తి కోణం సైన్‌తోనూ గుణించాలి.

ఇలా లెక్క వేసే ముందు అసలు తేడా అవసరమా అని అడగండి. డక్ట్‌ని యూనిట్ ఎత్తుకే తేగలిగితే ఎల్బోలే వద్దు. డక్ట్ గీసేటప్పుడు కనెక్టర్ మీదికి కర్సర్ తెచ్చి స్పేస్‌బార్ నొక్కితే దాని ఎత్తు, సైజు డక్ట్‌కి వచ్చేస్తాయి. రిబ్బన్‌లో ‘ఇన్‌హెరిట్ ఎలివేషన్’, ‘ఇన్‌హెరిట్ సైజ్’ బటన్లు కూడా అదే పని చేస్తాయి.

ట్రాన్సిషన్‌కీ పొడవు కావాలి. 600 వెడల్పు 400కి తగ్గాలంటే ఒక్కో పక్క 100 తగ్గాలి. పక్క వాలు 30 డిగ్రీలైతే సుమారు 173 మి.మీ., 15 డిగ్రీలైతే సుమారు 373 మి.మీ. పొడవు పడుతుంది. నోటికీ మొదటి ఎల్బోకీ మధ్య 200 మాత్రమే వదిలితే రెండోది ఎలా పడుతుంది?

యూనిట్ కాస్త జరిపితే డక్ట్ ఎదురు దిశకు మారిందని చెప్పి కనెక్షన్ తెంపేస్తోంది.

నోటికీ మొదటి ఫిట్టింగ్‌కీ మధ్య ఉన్న ముక్క కంటే ఎక్కువ దూరం జరిపారు. ముక్క 180 మి.మీ. ఉంటే, యూనిట్ దాని వైపు 200 జరిగితే ఆ ముక్క పొడవు మైనస్ 20 అవుతుంది, అంటే తిరగబడాలి. సాఫ్ట్‌వేర్ ఆ పని చేయదు. ముందు ఎల్బోనో, దాని తర్వాతి డక్ట్‌నో అదే దిశలో దూరం జరిపి, తర్వాత యూనిట్‌ని జరపండి. అదీ కుదరకపోతే మొదటి ముక్క, ఎల్బో చెరిపేసి, యూనిట్ జరిపి, ‘కనెక్ట్ ఇన్‌టు’తో మళ్లీ కలపడమే వేగం.

‘కనెక్ట్ ఇన్‌టు’ వాడినప్పుడు యూనిట్‌కి ఒకటి కంటే ఎక్కువ నోళ్లుంటే ఏది కావాలో అడుగుతూ జాబితా వస్తుంది. ఫ్యామిలీలో ‘కనెక్టర్ డిస్క్రిప్షన్’ నింపి ఉంటే ‘సప్లై’, ‘రిటర్న్’ అని చదవచ్చు. ఖాళీగా వదిలితే ఒకే సైజు రెండు నోళ్లలో ఏది ఏదో ఊహించాలి.

యూనిట్, డక్ట్ ఒకే ఎత్తులో ఒకే వరుసలో ఉన్నాయి. అయినా కలవవు.

వరుసలో ఉన్నట్టు కనిపిస్తాయి, ఉండవు. యూనిట్‌ని చేత్తో తిప్పినప్పుడు 30కి బదులు 29.98 డిగ్రీలు పడితే చాలు. డక్ట్ సెట్టింగ్స్‌లోని ‘యాంగిల్స్’లో ‘యూజ్ స్పెసిఫిక్ యాంగిల్స్’ ఉంటే ఆ 0.02 డిగ్రీలకు ఫిట్టింగ్ లేదు. ‘యూజ్ ఎనీ యాంగిల్’ పెట్టి తప్పించుకోవచ్చు గానీ, ఆ వంకర మోడల్లో అలాగే మిగిలి, తర్వాత హ్యాంగర్ల (డక్ట్‌ని వేలాడదీసే బిగింపుల) దగ్గరా కొలతల దగ్గరా వేధిస్తుంది. యూనిట్‌ని అలైన్ టూల్‌తో గ్రిడ్‌కి సరిచేయడమే సరైన పని.

ఫ్యామిలీ సరిచేసి రీలోడ్ చేస్తే, కలిసి ఉన్న డక్ట్‌లన్నీ తెగిపోయాయి.

పాత కనెక్టర్‌ని డిలీట్ చేసి కొత్తది పెట్టి ఉంటారు. అదే చోట, అదే సైజులో పెట్టినా సాఫ్ట్‌వేర్‌కి అది వేరే కనెక్టర్. డక్ట్ పాతదాన్ని వెతుకుతుంది, దొరకదు. ప్రాజెక్టులో వాడుకలో ఉన్న ఫ్యామిలీలో కనెక్టర్ డిలీట్ చేయకూడదు. దాని ప్రాపర్టీలు మార్చండి, అది నిలిచిన ముఖాన్ని జరపండి, వర్గం మార్చండి, కానీ కనెక్టర్‌ని మాత్రం ఉంచండి. ఇప్పటికే తెగిపోయి ఉంటే, అన్‌డూ మొదటి మందు.

ముఖం మీద కనెక్టర్ ఉన్న ఎక్స్‌ట్రూజన్‌ని డిలీట్ చేసినా ఇదే జరుగుతుంది. ముఖం పోతే కనెక్టర్ కూడా పోతుంది. అందుకే కనెక్టర్‌ని యూనిట్ పెట్టె ముఖం మీద కాకుండా, రిఫరెన్స్ ప్లేన్లకు (కొలతలకు ఆధారమైన ఊహా తలాలకు) లాక్ చేసిన విడి స్టబ్ (నోటి దగ్గరి చిన్న ఎక్స్‌ట్రూజన్) మీద పెట్టమంటున్నాం. పెట్టె ఆకారం తర్వాత ఎన్నిసార్లు మారినా స్టబ్ జోలికి ఎవరూ వెళ్లరు.

ఒక టైప్‌కి కనెక్టర్ కావాలి, ఇంకో టైప్‌కి వద్దు. యెస్/నో పారామీటర్‌తో ఆపేయవచ్చా?

ఆపలేరు. విజిబిలిటీ పారామీటర్ ఆకారాన్నే దాస్తుంది, కనెక్టర్‌ని దాచదు. స్టబ్ కనిపించదు, కనెక్టర్ మాత్రం ఉంటుంది, ‘షో డిస్‌కనెక్ట్స్’లో హెచ్చరికలు నిండిపోతాయి. రెండు ఫ్యామిలీలు చేయండి.

ప్రెషర్ డ్రాప్ నివేదికలో మా యూనిట్ వరుస సున్నా.

కనెక్టర్ ‘లాస్ మెథడ్’ ‘నాట్ డిఫైన్డ్’ అయి ఉంది. తయారీదారు పట్టికలో పాస్కల్ విలువ ఉంటే ‘స్పెసిఫిక్ లాస్’ పెట్టి ఆ అంకె ఇవ్వండి. కోఎఫిషియెంట్ ఇచ్చి ఉంటే ‘కోఎఫిషియెంట్’. ఆ పట్టిక విలువ ఏ ఫ్లో దగ్గర కొలిచారో చూడటం ముఖ్యం, ఎందుకంటే స్పెసిఫిక్ లాస్ అంకె ఫ్లో మారితే తానుగా మారదు.

ఎడమ చేతి యూనిట్ కావాలంటే కుడి చేతిదాన్ని మిర్రర్ చేస్తే సరిపోతుందా?

మోడల్లో కనెక్టర్లు చక్కగా తిరిగి డక్ట్ కలుస్తుంది. కానీ మిర్రర్ చేసిన ఆ రూపంలో తయారీదారు యూనిట్ చేస్తాడో లేదో పట్టికలో చూడండి. చేయకపోతే మోటార్, పైపు నోళ్లు, తలుపు అన్నీ అసలుకు ఎదురు వైపు ఉంటాయి, సైటుకు వచ్చిన యూనిట్‌కి మీరు గీసిన డక్ట్ పొంతన ఉండదు. ఎడమ, కుడి విడి టైప్‌లుగానో విడి ఫ్యామిలీలుగానో పెట్టడం మంచిది.

ఫ్యామిలీని టీమ్‌కి ఇచ్చే ముందు ఏం పరీక్షించాలి?

ఖాళీ ప్రాజెక్టులో యూనిట్ పెట్టి, ప్రతి నోటి మీదా కుడి క్లిక్ చేసి ‘డ్రా డక్ట్’తో 1 మీటరు గీయండి. దిశ, సైజు, అడ్డం-నిలువు అప్పుడే తెలుస్తాయి. సప్లై చివర రెండు డిఫ్యూజర్లు కలిపి ఒక్కోదానికి 100 ఇవ్వండి, యూనిట్ దగ్గర 200 రావాలి. తర్వాత ప్రతి టైప్‌కీ మార్చి చూడండి: చిన్న టైప్ నుంచి పెద్దదానికి మారినప్పుడు డక్ట్ కలిసే ఉందా, సైజు తేడా వచ్చిన చోట ట్రాన్సిషన్ పడిందా? చివరిగా యూనిట్‌ని 90 డిగ్రీలు తిప్పి, ఒకసారి మిర్రర్ చేసి, ‘షో డిస్‌కనెక్ట్స్’ తెరవండి. మీరు గీసిన డక్ట్‌ల తెరిచిన చివర్లు తప్ప ఇంకే గుర్తూ రాకూడదు.